ఎక్మో మీద తొమ్మిది రోజులు: తమ్ముడి పక్కన నేను చూసినవి

తమ్ముడి కుడి పాదం మీద, బొటనవేలికి నాలుగు వేళ్ళ పైన, నల్ల మార్కర్‌తో వేసిన చిన్న ఇంటూ గుర్తు ఉండేది. గంటకోసారి ఐసీయూ సిస్టర్ వచ్చి ఆ గుర్తు మీద జెల్ రాసి, రక్తం పారే చప్పుడు వినిపించే పెన్నులాంటి డాప్లర్ ఆనించేది. ముందు గరగరమని చప్పుడు. కాస్త అటూ ఇటూ వంచితే, పైపులో నీళ్ళు పారుతున్నట్టు సన్నగా ఒకటే ధార. మామూలు మనిషి పాదం మీద పెడితే టప్ టప్ మని కొట్టుకోవాలి. వాడి పాదంలో ధార మాత్రమే వినపడేది, ఎందుకంటే అప్పుడు రక్తాన్ని తోస్తున్నది వాడి గుండె కాదు, మంచం పక్కనున్న ఎక్మో మిషన్. ధార వినపడగానే సిస్టర్ షీటులో టిక్ పెట్టేది. నేను అప్పుడు ఊపిరి పీల్చుకునేదాన్ని.

నేను మిర్యాలగూడ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పదో తరగతిలో ప్రసరణ పాఠం ఏటా చెప్పేదే. గుండె గదులు, ధమనులు, సిరలు, బోర్డు మీద ఎర్ర సుద్ద, నీలం సుద్ద. ఆ బొమ్మ మనిషి ఒంటి బయటికొచ్చి గొట్టాల్లో కనపడే రోజు వస్తుందని, అది మా తమ్ముడిదే అవుతుందని కలలో కూడా అనుకోలేదు. ఇదంతా జరిగాక, తెలిసినవాళ్ళ దగ్గర నా నంబర్ తీసుకుని మూడు కుటుంబాలవాళ్ళు ఫోన్ చేశారు. "మా వాళ్ళకి ఎక్మో పెడతామంటున్నారు మేడం, మీరేం చూశారో చెప్పండి" అని. హడావుడిలో గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు చెప్పాను. ఇప్పుడు కుదురుగా కూర్చుని రాస్తున్నాను.

2022 ఆగస్టు ఆఖరి వారం. తమ్ముడికి 31 ఏళ్ళు, రైస్ మిల్లులో బాయిలర్, డ్రయ్యర్ల పని చూస్తాడు. పొద్దస్తమానం నిలబడే పని. మూడు రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు. ఊళ్ళో అందరికీ వస్తున్న వైరల్ జ్వరమే అనుకున్నాం. నాలుగో రోజు జ్వరం తగ్గింది గానీ కడుపు నొప్పి, వాంతులు పట్టుకున్నాయి. గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ చేయించుకొచ్చాడు. ఆ రాత్రి వాడికి నిద్ర లేదు. "అక్కా, పండుకుంటే ఆయాసమొస్తుంది, కూసుంటే జర బాగుంటుంది" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తర్వాత తెలిసింది. గుండె బలం తగ్గి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంటే పడుకోగానే ఆయాసం వస్తుంది. ఆ కడుపు నొప్పి, వాంతులు కూడా గ్యాస్ వల్ల కాదు, గుండె సరిగ్గా పని చేయక కాలేయం, పేగులు ఇబ్బంది పడటం వల్లనట.

పొద్దున ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి నాడి 140, బీపీ 80, చేతులు మంచులా ఉన్నాయి. టూడీ ఎకో తీసిన డాక్టర్ గారు స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా "ఈఎఫ్ 15" అన్నారు. గుండె ఒక్కసారి ముడుచుకున్నప్పుడు తన గదిలోని రక్తంలో నూటికి ఎంత బయటికి తోస్తుందో చెప్పే లెక్క అది. మామూలుగా 55 పైన ఉండాలి. మయోకార్డైటిస్, అంటే గుండె కండరానికి వాపు, వెంటనే హైదరాబాద్ తీసుకెళ్ళండి అన్నారు. అంబులెన్స్ నార్కెట్‌పల్లి దాటిందాకా తమ్ముడు మాట్లాడుతూనే ఉన్నాడు. చౌటుప్పల్ దగ్గర్నుంచి మాట్లాడలేదు.

హైదరాబాద్‌లో యాంజియో చేశారు, రక్తనాళాల్లో ఎక్కడా అడ్డు లేదు. బీపీ నిలబెట్టడానికి మూడు రకాల మందులు ఎక్కించారు, నిలబడలేదు. రక్తంలో లాక్టేట్ 9కి చేరింది. ఒంట్లో కణాలకు ఆక్సిజన్ అందనప్పుడు పెరిగేది అదే, 2 లోపు ఉండాలి. అర్ధరాత్రి గుండె లయ తప్పి రెండుసార్లు షాక్ ఇచ్చారు. ఒంటి గంటకు మమ్మల్ని కౌన్సెలింగ్ గదిలోకి పిలిచారు.

డాక్టర్ గారు కన్సెంట్ ఫారం వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. "చూడమ్మా, తొడ దగ్గర సిరలోంచి రక్తం బయటికి లాగుతాం. పంపు దాన్ని ఒక డబ్బాలోకి తోస్తుంది. డబ్బాలో ఆక్సిజన్ ఎక్కి, కార్బన్ డయాక్సైడ్ పోయి, ఇంకో తొడలోని ధమని గుండా మళ్ళీ లోపలికి వెళ్తుంది. గుండె పని, ఊపిరితిత్తుల పని రెండూ మిషన్‌వే. కానీ మిషన్ ఈ వాపుని తగ్గించదు. తగ్గేదాకా మనిషిని కాపాడుతుంది, అంతే. ఈ జబ్బులో చాలామందికి వారం, పది రోజుల్లో గుండె కోలుకుంటుంది. కోలుకోకపోతే గుండె మార్పిడి గురించి మాట్లాడుకోవాలి." తర్వాత రాగల ఇబ్బందులన్నీ చదివారు. రక్తస్రావం, రక్తం గడ్డలు, పక్షవాతం, కిడ్నీలు, ఇన్ఫెక్షన్, కాలికి ఇబ్బంది. కాలి మాట ఆ వరుసలో చివరిది.

ఎక్మో అన్న మాట చెవిన పడగానే మా అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "బాలు గారికి పెట్టింది గదే గదా బిడ్డా" అంది. 2020లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు చెన్నై ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ తెలుగువాళ్ళ ఇళ్ళలో టీవీ ముందు విన్న మాట అది. సెప్టెంబర్ 25 తర్వాత మా అమ్మ లాంటివాళ్ళకు ఆ మాటకు ఒకటే అర్థం మిగిలింది. డాక్టర్ గారు విసుక్కోకుండా అమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయనకు కరోనాతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, వయసు 74, ఆ జబ్బు వేరు. మీ అబ్బాయిది గుండె, వయసు 31, కోలుకునే జబ్బు అని చెప్పారు. ఊపిరితిత్తులకు మాత్రమే పెట్టే ఎక్మోలో రక్తాన్ని సిరలోంచి తీసి సిరలోకే పంపుతారట, గుండెకు పెట్టేదానిలో ధమనిలోకి పంపుతారట. మరదలు ఏమీ మాట్లాడకుండా సంతకం చేసింది. డిపాజిట్ కోసం ఆ రాత్రి ఎవరెవరికి ఫోన్ చేశానో ఇప్పుడు గుర్తు లేదు. తర్వాత ఎకరం పొలం అమ్మాం. ఆ సంగతి ఇక్కడికి ఆపుతాను.

మూడు దాటాక "రన్ మొదలైంది" అని, అంటే మిషన్ నడుస్తోందని కబురొచ్చింది. ఆరున్నరకు ఐదు నిమిషాలు లోపలికి పంపారు.

ముందు గొట్టాలు చూశాను. చూపుడు వేలంత లావు. ఎడమ గజ్జల్లోంచి బయటికొచ్చే రక్తం నేరేడు పండు రంగు. ఇన్నేళ్ళు నీలం సుద్దతో గీసింది అదన్నమాట. అది పంపులోకి, అక్కణ్ణుంచి అరచేతిలో పట్టేంత డబ్బాలోకి వెళ్తోంది. అవతలి వైపు నుంచి మందార పువ్వు రంగులో బయటికొస్తోంది. ఆ డబ్బా పేరు ఆక్సిజనేటర్. దాని లోపల వెంట్రుకల్లాంటి బోలు పోగులు వేలకొద్దీ ఉంటాయి. పోగుల లోపల ఆక్సిజన్ పోతుంటే, వాటి చుట్టూ రక్తం పారుతుంది. రెండూ నేరుగా కలవవు. స్క్రీన్ మీద 4.2 అని ఉంది. నిమిషానికి 4.2 లీటర్లు. మిషన్ పక్కన ఒక చేతి పిడి తగిలించి ఉంది. కరెంటు పోయినా మోటారు ఆగినా చేత్తో తిప్పడానికి. మిషన్ చూసుకునే పెర్ఫ్యూజనిస్ట్ కుర్రాడు "అది వాడాల్సిన అవసరం రాదక్కా, ఉండాలి కాబట్టి ఉంది" అన్నాడు.

తర్వాత మానిటర్ చూశాను. బీపీ చూపించే ఎర్ర గీత కొండల్లా ఎగసి పడాలి. అది నున్నగా, స్కేలుతో గీసినట్టు ఉంది. పక్కన 66 అని అంకె. బీపీ ఉంది, నాడి లేదు. మణికట్టు పట్టుకుని చూశాను, ఏమీ తగల్లేదు. చెయ్యి మాత్రం వెచ్చగా ఉంది.

ఆఖరున కాళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఎడమ పాదం కాస్త చల్లగా ఉంది. కుడి పాదం పట్టుకున్నాను. కుండలో నీళ్ళు తాగడానికి చెయ్యి పెడితే మట్టి తగిలినట్టు, అంత చల్లన. గోళ్ళు నీలం, పిక్క మీద వలలాగా మచ్చలు. "సిస్టర్, ఈ కాలు ఇట్లా ఉందేంటి?" అన్నాను. అప్పటికే ఆమె డాప్లర్ పెట్టి చూసింది, శబ్దం రాలేదు, సర్జన్‌కు ఫోన్ చేసిందట. నన్ను బయటికి వెళ్ళమన్నారు.

ఏం జరిగిందంటే, కుడి తొడ ధమనిలోకి పెట్టిన గొట్టం 17 ఫ్రెంచ్ సైజుది. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు, అంటే దాదాపు 5.7 మిల్లీమీటర్లు. అంత గొట్టం ధమనిలో కూర్చుంటే, పైకి గుండె వైపు రక్తం బాగా పోతుంది, కిందికి కాలి వైపు దారి దాదాపు మూసుకుపోతుంది. అందుకని అదే ధమనిలోకి కిందికి తిరిగేలా ఇంకో సన్న గొట్టం పెట్టి, మిషన్ రక్తంలో కొంత కాలికి మళ్ళిస్తారు. ఆ రాత్రి ఆ సన్న గొట్టం పెట్టబోతే, బీపీ మందులకు ధమని ముడుచుకుపోయి దారి దొరకలేదట. లోపల మళ్ళీ గుండె లయ తప్పుతోంది. ప్రాణం ముందు, కాలు తర్వాత. తెల్లవారాక మళ్ళీ ప్రయత్నిద్దామనుకున్నారు. ఎనిమిది గంటలకు సర్జన్ వచ్చి పెట్టారు, ధార వినపడింది, ఇంటూ గుర్తు అప్పుడు వేశారు. మధ్యలో ఐదు గంటలు పోయాయి.

సాయంత్రానికి పిక్క రాయిలా గట్టిపడింది. రక్తం అందక ఆకలితో ఉన్న కండరానికి ఒక్కసారిగా రక్తం వచ్చేసరికి అది వాచింది. పిక్క కండరాలు గట్టి పొరల సంచుల్లో ఉంటాయి, ఆ సంచులు సాగవు. లోపల ఒత్తిడి పెరిగి, వచ్చిన రక్తాన్ని కూడా అదే ఆపేస్తుంది. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. మోకాలి కింద నుంచి చీలమండ దాకా రెండు వైపులా కోసి పొరలు విప్పారు. గాయం మూయరు, అలాగే వదిలేసి కట్టు కడతారు.

ఆ ఐదు గంటల గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. ఆ రాత్రి లోపలున్నవాళ్ళు మా తమ్ముడి ప్రాణం కోసం చేయగలిగిందంతా చేశారు, దాంట్లో నాకు సందేహం లేదు. కానీ "సన్న గొట్టం ఇంకా పడలేదు, కాలి మీద కన్నేసి ఉంచాలి" అన్న ఒక్క మాట మూడున్నరకు వచ్చిన కబురుతో పాటే చెప్పి ఉండాల్సింది. తెలిస్తే నేను చేయగలిగింది ఏమీ లేకపోవచ్చు. అయినా అడుగుతూనే ఉండేదాన్ని. అటెండెంట్లు అడుగుతుంటే కొన్ని పనులు ముందు జరుగుతాయి, ఇది మన ఆసుపత్రులు తెలిసినవాళ్ళందరికీ తెలుసు.

అసలు కష్టం ఆ కోతల తర్వాత మొదలైంది. గొట్టాల్లో, డబ్బాలో పారే రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కిస్తూ ఉండాలి. రెండు గంటలకోసారి రక్తం చుక్క తీసి ఎన్ని సెకన్లకు గడ్డకడుతుందో చూసేవాళ్ళు, 180 నుంచి 200 మధ్య ఉండాలనేవాళ్ళు. మరి కాలికి రెండు పొడుగు గాయాలు తెరిచి ఉన్నాయి. హెపారిన్ ఎక్కుతుంటే అవి ఆగవు. కట్టు మార్చిన గంటకే తడిసి దుప్పటి దాకా వచ్చేది. ప్లేట్‌లెట్లు లక్షా పదివేల నుంచి రెండు రోజుల్లో 38 వేలకు పడిపోయాయి. డబ్బాలో అతుక్కుని, పంపు ఒత్తిడికి నలిగి అవి తగ్గిపోతాయట. ముక్కులోంచి కూడా రక్తం వచ్చింది. మూడో రోజు హెపారిన్ ఆపేశారు.

ఆపితే గడ్డలు, ఇస్తే రక్తస్రావం. ఏది తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. ఆ రెండింటి మధ్య గంట గంటకూ తేల్చుకుంటూ గడిపారు డాక్టర్లు. హెపారిన్ ఆపిన రోజుల్లో రక్తం ఎక్కడా నిలవకుండా పంపు వేగం పైనే ఉంచారు. పెర్ఫ్యూజనిస్ట్ కుర్రాడు గంటకోసారి టార్చి లైటు తీసుకుని ఆ డబ్బా నాలుగు మూలలూ వెతికేవాడు. ఒకరోజు నాక్కూడా చూపించాడు. మూలన తెల్లటి సన్న దారాలు, వాటి పక్కన ఆవగింజంత నల్లటి మచ్చలు. "ఇవి ఉన్నచోట ఉంటే భయం లేదక్కా. పెద్దవైతే డబ్బా పని తగ్గుతుంది, కదిలితే తలకు పోతాయి" అన్నాడు. నా చేయి చల్లబడిపోయింది. అప్పటిదాకా తమ్ముడి మొహం చూసేదాన్ని, ఆ రోజు నుంచి లోపలికి వెళ్ళగానే ముందు ఆ మూలనే చూసేదాన్ని.

ఐదో రోజు డబ్బా మార్చారు. మచ్చలు పెరిగి, దానిలోంచి వచ్చే రక్తంలో ఆక్సిజన్ పడిపోతోంది. కొత్త సెట్టు పక్కన నింపి సిద్ధంగా పెట్టి, గొట్టాలకు క్లాంపులు వేసి, కోసి, గాలి బుడగ లేకుండా కలిపి, మళ్ళీ తిప్పాలి. ఆ కాసేపు మిషన్ ఉండదు, గుండె తన బలంతోనే ఉండాలి. నిమిషం లోపు అయిపోయిందని తర్వాత చెప్పారు. బయట కూర్చున్న మాకు ఆ నిమిషం ఎప్పుడు జరిగిందో తెలీదు, మధ్యాహ్నమంతా అదే నిమిషంలా గడిచింది.

రక్తం సంగతి చెప్పాలి. బ్లడ్ బ్యాంకువాళ్ళు వాడిన ప్రతి యూనిట్‌కూ దాతను తెమ్మన్నారు. మిల్లులో హమాలీలకు విషయం తెలిసి 14 మంది డీసీఎంలో వచ్చారు. బస్తాలు మోసిన బట్టల మీద ధాన్యం దుమ్ము అలాగే ఉంది. ముగ్గురిని హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి పంపితే, వాళ్ళు బాధపడుతూ మెట్ల మీదే కూర్చున్నారు తప్ప వెళ్ళలేదు. ప్లేట్‌లెట్లకు వేరే దాతలు కావాలి, మిషన్ మీద గంటకు పైగా పడుకోవాలి. మా స్కూల్ పాత విద్యార్థులు హైదరాబాద్‌లో చదువుకుంటున్నవాళ్ళు వచ్చి ఇచ్చారు. నా దగ్గర ఆ ప్రసరణ పాఠం చదివిన పిల్లలే.

కిడ్నీలు కూడా దెబ్బతిన్నాయి. చచ్చిన కండరంలోంచి వచ్చిన పదార్థాలకు మూత్రం థమ్సప్ రంగులోకి మారి, తర్వాత ఆగిపోయింది. డయాలిసిస్ రోజంతా నడిచేది పెట్టారు.

ఇంకొక విషయం నాకు అస్సలు తెలీనిది. మిషన్ గుండెకు సాయం చేస్తూనే దానికి బరువు కూడా అవుతుంది. తొడలోంచి పైకి ఎదురు తోసే రక్తం వల్ల, నీరసంగా ఉన్న గుండె తన కవాటం కూడా తెరవలేకపోతుంది. రెండో రోజు ఎకోలో మహాధమని కవాటం తెరుచుకోవట్లేదని చూశారు. తెరుచుకోకపోతే గుండె గదిలో రక్తం నిలిచి ఉబ్బుతుంది, గడ్డకడుతుంది, ఊపిరితిత్తుల్లోకి నీరు పోతుంది. ఆ భారం తగ్గించడానికి ఎడమ తొడలోంచి బెలూన్ పంప్ వేశారు, అది మహాధమనిలో ఉబ్బుతూ ముడుచుకుంటూ గుండెకు సాయపడుతుంది. మిషన్ పెట్టగానే గుండెకు విశ్రాంతి దొరుకుతుందని మేమనుకున్నాం. ఆ విశ్రాంతి ఇవ్వడం కూడా ఒక పనేనని అప్పుడు అర్థమైంది.

మూడో రోజు మత్తు తగ్గించి చూశారు. మెదడుకు ఏమైనా అయిందేమో తెలియాలి. సిస్టర్ నన్ను పిలిచి "మీరు పిలవండి" అంది. చెవి దగ్గర వంగి "తమ్మీ, అక్కను, నా చెయ్యి నొక్కు" అన్నాను. నొక్కాడు. రెండో చేత్తో కూడా నొక్కాడు. మళ్ళీ మత్తు ఇచ్చారు. ఆ నొక్కుడుతోనే మా ఇంటిల్లిపాదీ తర్వాతి ఆరు రోజులు బతికాం.

నాలుగో రోజు సాయంత్రం బెలూన్‌ను కాసేపు ఆపి చూపించారు. ఎర్ర గీత మీద చిన్న బుడిపె కనపడింది. అరచేతిలో గోధుమ గింజంత. నిమిషంపాటు చూశాను, వస్తూనే ఉంది. గుండె కొడుతోంది.

అది సంతోషమే, కానీ దానితో కొత్త సమస్య వచ్చింది. మొదటి నుంచీ ఆక్సిజన్ క్లిప్పు, రక్త పరీక్షలు అన్నీ కుడి చేతికే ఎందుకు చేస్తున్నారని అడుగుదామనుకునేదాన్ని. ఆరో రోజు కారణం తెలిసింది. కాళ్ళ దగ్గర ఆక్సిజన్ 100, కుడి చేతికి 84. గుండె పుంజుకుని తన రక్తం తను తోస్తోంది. ఆ రక్తం ఊపిరితిత్తుల్లోంచి వచ్చింది, ఊపిరితిత్తులు ఇంకా బాగాలేవు. కింద నుంచి మిషన్ పంపే మంచి రక్తం, పై నుంచి గుండె పంపే రక్తం మహాధమనిలో ఎదురెదురుగా కలుస్తాయి. తలకూ గుండెకూ పోయేది గుండె పంపిందే. తలకు ఎలాంటి రక్తం పోతోందో అన్నిటికన్నా ముందు చెప్పేది కుడి చెయ్యి. కాలి వేలికి క్లిప్పు పెట్టుకుని కూర్చుంటే అంతా బాగుందనే అనిపిస్తుంది, లోపల మెదడు మాత్రం నలిగిపోతుంది. వెంటిలేటర్ మార్చారు, ఊపిరి గొట్టంలో చేరిన కఫం తీశారు, నీరు లాగారు. తగ్గకపోతే మెడలో ఇంకో గొట్టం వేయాలన్నారు. ఒకటిన్నర రోజుకు 96కు వచ్చింది, మెడ గొట్టం తప్పింది.

ఎనిమిదో రోజు మిషన్ వేగం మెల్లగా తగ్గిస్తూ లీటరున్నరకు తెచ్చి ఎకో చూశారు. సరిపోలేదు, మళ్ళీ పెంచారు. తొమ్మిదో రోజు మళ్ళీ తగ్గించారు. ఈసారి ఈఎఫ్ 35, బీపీ నిలబడింది. ఆపరేషన్ థియేటర్‌లో గొట్టాలు తీసి ధమనికి అతుకు వేసి కుట్టారు. బెలూన్ కూడా రెండు రోజుల్లో తీసేశారు.

తర్వాత నెల రోజుల గురించి ఆసుపత్రిలో ఎవరూ ముందుగా చెప్పరు. మెలకువ వచ్చాక తమ్ముడు వారం రోజులు మమ్మల్ని గుర్తుపట్టినట్టే పట్టి, బాయిలర్ ప్రెషర్ పెరిగిపోయింది, వాల్వు తిప్పండి అని అరిచేవాడు. చేతులు మంచానికి కట్టేవాళ్ళు. ఐసీయూలో చాలామందికి ఇలా అవుతుందని, తగ్గిపోతుందని ఒక సీనియర్ సిస్టర్ చెప్పి, వాడి కూతురు గొంతు రికార్డు చేసి వినిపించమంది. అది పని చేసింది. కిడ్నీలు మూడో వారంలో తిరిగి పని చేశాయి. కాలి గాయాల మీద తొడ చర్మం తీసి అతికించారు. 41వ రోజు ఇంటికొచ్చాం. పాదం పైకి లేవదు, ఈడ్చుకుంటూ నడిచేవాడు.

ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. 1975లో అమెరికాలో డాక్టర్ రాబర్ట్ బార్ట్‌లెట్ ఈ పద్ధతిలో మొదటిసారి ఒక పసిబిడ్డను బతికించారు. తల్లి వదిలి వెళ్ళిన ఆ పాపకు నర్సులే ఎస్పెరాంజా అని పేరు పెట్టారు, స్పానిష్‌లో ఆశ అని అర్థం. ప్రపంచమంతా ఎక్మో కేసుల లెక్కలు 1989లో మొదలైన ఎల్సో అనే సంస్థ సేకరిస్తుంది. పెద్దవాళ్ళకు గుండె కోసం పెట్టిన కేసుల్లో సగానికంటే తక్కువ మందే ఇంటికి వెళ్తున్నారని ఆ లెక్కలు చెబుతాయి. 2023లో జర్మనీ, స్లొవేనియాల్లో గుండెపోటుతో బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్ళిన 400 మందికి పైగా మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఎక్మో పెట్టినవాళ్ళలో నెలలోపు చనిపోయింది నూటికి 47.8, పెట్టనివాళ్ళలో 49. తేడా లేదన్నట్టే. కాలి రక్తనాళాల ఇబ్బందికి చికిత్స చేయాల్సి వచ్చింది మాత్రం ఎక్మోవాళ్ళలో నూటికి 11, మిగతావాళ్ళలో 3.8. పెద్ద రక్తస్రావం 23.4, 9.6. తమ్ముడిది గుండెపోటు కాదు, ఆ లెక్క వాడికి సూటిగా వర్తించదు. కానీ ఆ కాలి అంకె చూసినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు బయట కూర్చున్నాను.

ఫోన్ చేసిన మూడు కుటుంబాల్లో ఒకరిది 72 ఏళ్ళ తండ్రి, అప్పటికే కిడ్నీలు, పక్షవాతం. డాక్టరే పెద్దగా లాభం లేదంటున్నారు, మేం వద్దంటే పాపమా అని అడిగారు. కాదన్నాను. గుండె గానీ ఊపిరితిత్తి గానీ కోలుకునే దారి, లేదా మార్పిడికి వెళ్ళే దారి ఉన్నవాళ్ళకే ఇది. ఆ దారి లేనిచోట మిషన్ మీద రోజులు లెక్కపెట్టడం ఇంట్లోవాళ్ళకూ మనిషికీ నరకం. ఇంకొకరి అబ్బాయి ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు. మూడోవారి అమ్మాయి 11వ రోజున తలలో రక్తస్రావమై పోయింది. ఆమె తండ్రి ఇప్పటికీ పండగలకు ఫోన్ చేసి తమ్ముడి బాగోగులు అడుగుతారు.

ముగ్గురికీ మొదట చెప్పింది ఒకటే. లోపలికి పంపగానే రెండు పాదాలూ చేత్తో పట్టుకుని చూడండి. సన్న గొట్టం పడిందా అని అడగండి, పడకపోతే ఎప్పుడు పడుతుందో అడగండి. పాదం మీద గుర్తు వేశారా, ఆ ధార నాకు ఒకసారి వినిపిస్తారా అని సిస్టర్‌ను అడగండి. కుడి చేతి అంకె ఎంతో అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. మంచి సిస్టర్ అయితే సంతోషిస్తుంది.

తమ్ముడి ఈఎఫ్ ఇప్పుడు 55. మిల్లుకు వెళ్తున్నాడు, నిలబడే పని కాకుండా కాంటా దగ్గర కూర్చునే పని ఇచ్చారు. ఎనిమిది నెలలు పట్టీ కట్టుకున్నాక పాదం లేస్తోంది. కుడి కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య మాత్రం ఇంకా స్పర్శ లేదు. అందుకని ఆ కాలికి చెప్పు జారిపోయినా వాడికి తెలీదు, బకిల్ ఉన్న సాండల్ కొనిచ్చాం, ఇంట్లో మాత్రం మామూలు చెప్పులే వేసుకుంటాడు. మొన్న ఆదివారం గేటు దగ్గర్నుంచి వరండా దాకా ఒక చెప్పుతోనే నడిచొచ్చి కూర్చుని నాతో మాట్లాడుతున్నాడు. పాప వెనక నుంచి రెండో చెప్పు పట్టుకొచ్చి, కింద కూర్చుని, నాన్న కాలికి తొడిగి మళ్ళీ ఆడుకోవడానికి పోయింది.